బొట్టు పెట్టిన మీటరు

నేనొక టాకోమీటర్ని. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో ముల్లుతో చూపించే గుండ్రటి మీటర్ని. తిరగడం నాకు కనబడదు. ప్లగ్గుల్లో పడే నిప్పురవ్వలు లెక్కపెట్టి చెబుతాను. ఫ్యాక్టరీలో నాకు నేర్పిన లెక్క నాలుగు సిలిండర్లది.

మొదటి కారు తుక్కుకి పోయాక, విజయనగరం సన్యాసిరావుగారు నన్ను కొని తన చిన్న కారులో డ్యాష్‌బోర్డు మీద బిగించుకున్నారు. ఆ కారుకి సిలిండర్లు మూడే. నన్నెవరూ అడగలేదు, నాకు నోరూ లేదు. నిప్పురవ్వలు తక్కువ పడేసరికి, ఇంజను నాలుగువేలు తిరిగితే మూడువేలని చూపిస్తూ కూర్చున్నాను.

అప్పుడే ఆయన భార్య హైమవతిగారికి డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టారు. లైసెన్సు వస్తే ఎవర్నీ బతిమాలకుండా బొబ్బిలిలో అక్కగారింటికి వెళ్ళాలని ఆవిడ కోరిక.

"ముల్లు మూడు మీదకి వచ్చాకే గేరు మార్చాలి" అన్నది ఆయన శాసనం.

ముల్లు మూడుకి చేరేసరికి ఇంజను పసుపుకొమ్ములు వేసిన మిక్సీలా అరిచేది.

"ఏవండీ, అది ఏడుస్తోందండీ."

"నువ్వు ముల్లు చూడు. ఏడుపు సంగతి నేను చూస్తాను."

ఆవిడ చెవిని నమ్మి ముందే గేరు మార్చేసేవారు. ఆయనకి మండిపోయింది. "నీకు చెయ్యి తిరగదే హైమా. బుధవారం టెస్టుకి వెళ్ళకు. నా పరువు పోతుంది."

మంగళవారం నా దుమ్ము తుడుస్తూ ఆవిడ నా వీపు చదివారు. "ఏవండీ, ఇది నాలుగు సిలిండర్లదిట. మనకి మూడే కదా?"

ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "లోపల మార్పించాలి. టెస్టయ్యాక చూద్దాం."

ఆవిడ లోపలికెళ్ళి, అద్దం మీంచి స్టిక్కరు బొట్టొకటి ఒలుచుకొచ్చి, నా మొహం మీద మూడుకి ముప్పాతిక, రెండుంబావు దగ్గర అంటించారు. నాలుగు గ్లాసుల కొలతకి మూడే పోస్తే ఎసరు ఎక్కడికొస్తుందో ఆవిడకి ఒకరు చెప్పాలా?

"మీ మూడు ఇక్కడుందండీ."

"మీటరుకి బొట్టేమిటే! నవ్వుతారు."

"బండికి పూజ చేయించారనుకుంటారు లెండి."

సరిగ్గా అలాగే అనుకున్నాడు టెస్టు పెట్టిన ఇన్‌స్పెక్టరు. నాకో నమస్కారం కూడా పడేశాడు. బండి కిక్కురుమనకుండా గేర్లు మార్చుకుంది. ఆవిడకి లైసెన్సు వచ్చింది.

ఆ ఆదివారమే బొబ్బిలి ప్రయాణం. సన్యాసిరావుగారు పక్క సీట్లో కూర్చుని వెళ్ళి, తోడల్లుడికి నన్ను చూపించారు. "వేరే బండిదోయ్. మన ఇంజనుకి నేనే సరిచేశాను."

హైమవతిగారు డిక్కీలోంచి అరటిపళ్ళు తీసుకుని అక్కగారింట్లోకి నడిచారు.

నేను ఈనాటికీ అబద్ధమే చెబుతున్నాను. ఎండకి బొట్టు ఊడిపోయినప్పుడల్లా ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చుని, ఇంట్లోకి కేకేస్తారు:

"హైమా, ఓ బొట్టు పట్రావే. బండి కదల్దు!"