ఫిర్యాదు లేని బదిలీ

ఆ ప్రభుత్వ పరిశోధనశాలలో ఎవరైనా తల ఎత్తకుండా పని చేస్తున్నారంటే ఏదో సభ దగ్గరపడుతోందని అర్థం. పరిశ్రమలకు విజయవంతంగా అందించిన టెక్నాలజీకి అక్కడ ఏటా ఒక పురస్కారం ఇస్తారు. కొత్త వస్తువు కనిపెట్టడానికి కావలసిన ఓపిక అక్కడ కొందరికే ఉంది. పురస్కార సభ జరపడానికి కావలసిన ఓపిక మాత్రం గేటు దగ్గర నుంచి డైరెక్టరు గది దాకా అందరికీ పుష్కలం.

ఆ వ్యవహారమంతా టెక్నాలజీ బదిలీ విభాగానిది. దాని అధిపతిని చాటున అందరూ బదిలీ బాబు అంటారు. ఆయన బదిలీ చేసే పద్ధతి చాలా సులువు. ఫ్యాక్టరీ యజమాని వస్తాడు, ఇద్దరూ సంతకాలు పెడతారు, చేతులు కలిపి ఫోటో దిగుతారు, టీ తాగుతారు. ఫోటో గోడకెక్కుతుంది, టెక్నాలజీ అటకెక్కుతుంది.

ఉంగరాల మేడమ్ విషయంలో మాత్రం అలా జరగలేదు. పంపులో తిరిగే కడ్డీ చుట్టూ నీళ్ళు కారకుండా వేసే నల్లటి రింగు ఆమె తయారుచేసింది. ఇసుక కలిసిన నీళ్ళకు కూడా త్వరగా అరగదది. చేతికి పెట్టుకునే ఉంగరాలు చేసినా ఇంట్లోవాళ్ళు సంతోషించేవారని తోటివాళ్ళు వేళాకోళం చేసి ఆ పేరు తగిలించారు. ఊరి చివరి పంపుల ఫ్యాక్టరీ ఆ రింగును తీసుకుంది. ఖర్మ కాలి నిజంగానే వాడడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి ఆమె బల్ల మీది ఫోనుకు విశ్రాంతి లేదు. అవతల ఫ్యాక్టరీ ఫోర్‌మన్. ఆయన హలో అన్నా తగాదాకి వచ్చినట్టే ఉంటుంది. రింగు బిగుసుకుపోయిందంటాడు, వదులైపోయిందంటాడు, వంకరగా వచ్చిందంటాడు. తీరా వెళ్ళి చూస్తే ఒక్కోసారి ఆయన మనుషులే దాన్ని తిరగేసి బిగించి ఉంటారు. ఆ మాట చెబితే ఒప్పుకోడు, తిరగేసినా పనిచేసేలా చేయమంటాడు. మేడమ్‌కి ఒళ్ళు మండేది. మండుతూనే రబ్బరు మిశ్రమంలో పాళ్ళు మార్చి, ఫ్యాక్టరీకి పోయి అచ్చు పక్కన నిలబడి, మోచేతుల దాకా నల్లబడి ఇంటికొచ్చేది. అలా మారుస్తూ మారుస్తూ పోతేనే ఆ రింగు బాగుపడింది. చాలా ఊళ్ళలో పంపులు కారడం మానేశాయి.

ఆ ఏడాది పురస్కారం తన రింగుకే వస్తుందని ఆమె అనుకుంది. ఆమెకు కీర్తి మీద ఆశ లేదని ఎవరైనా అంటే అబద్ధం. బోలెడంత ఉంది. కొత్త చీర కూడా కొనుక్కుంది. ఇంట్లో అత్తగారికి మాత్రం ఆ సంగతి ఎంతకీ అంతుపట్టలేదు.

"బదిలీకి బహుమతి ఏమిటమ్మాయ్?" అంది ఆవిడ. "మీ మామగారికి తపాలా ఉద్యోగంలో జీవితమంతా బదిలీలే. ఒక్కడంటే ఒక్కడు చప్పట్లు కొట్టలేదు. సామాన్లు సర్దీ సర్దీ నా నడుం పడిపోయింది."

పురస్కారం రింగుకు రాలేదు. తుప్పు పట్టనివ్వని ఒక పూతకు వచ్చింది. గేట్లు తయారుచేసే కంపెనీ ఒకటి దాన్ని తీసుకుంది. తీసుకుని గోదాములో ఒక మూల పెట్టింది. ఆ డబ్బాల మూతలు ఇంతవరకు ఎవరూ తీయలేదు. వాటి మీద గోనెసంచి పరుచుకుని కాపలాదారు కునుకు తీస్తుంటాడని పరిశోధనశాలలో టీ ఇచ్చేవాళ్ళకి కూడా తెలుసు. కానీ పురస్కారానికి బదిలీ బాబు పెట్టిన నియమం ఒకటుంది. బదిలీ అయ్యాక పరిశ్రమ నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాకూడదు. ఈ నియమానికి కమిటీ తల ఊపింది. ఆ కమిటీని వేసిందే తల ఊపడానికి. మూత తీయని డబ్బా మీద ఫిర్యాదు చేసేవాడెవడు?

మేడమ్ ఉండబట్టలేక బదిలీ బాబు గదికి వెళ్ళి అడిగింది. ఆయన కోప్పడలేదు, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు మాట్లాడాడు. రింగు మంచిదేనని, ఈ భవనంలో ఆమె ఫోను మోగినంతగా ఇంకే ఫోనూ మోగదని, ముందు ఆ ఫిర్యాదుల సంగతి చూసుకోమని అన్నాడు.

"వాడుతున్నారు కాబట్టి చెబుతున్నారండీ," అంది మేడమ్. "వాడడం మానేస్తే ఎవరూ ఏమీ చెప్పరు."

తెలివైనవాడు ఆ మాటకు సిగ్గుపడేవాడు. బదిలీ బాబుకు అందులో ఒక ఉపాయం కనిపించింది. కొద్దిరోజుల్లోనే మేడమ్‌ను పై అంతస్తులోని ప్రదర్శనశాలకు మార్చారు. అద్దాల పెట్టెల్లో ఉన్న నమూనాలను చూడవచ్చిన వాళ్ళకు చూపించడం అక్కడ ఆమె పని. ఎవరూ రానప్పుడు అద్దాలు తుడిపించాలి. ఇంతకాలం పడ్డ శ్రమకు కాస్త విశ్రాంతి ఇస్తున్నామని డైరెక్టరు స్వయంగా చెప్పాడు. కింద ఆమె గదికి తాళం పడింది. ఫోను లోపలే ఉండిపోయింది. తాళంచెవి బదిలీ బాబు జేబులోకి పోయింది.

"నీకూ వచ్చిందన్నమాట బదిలీ," అంది అత్తగారు. కోడలి భుజం మీద చెయ్యి వేసి పక్కన కూర్చుంది.

చలి మొదలయ్యాక ఫోర్‌మన్ ఎలాగో ఆమె సొంత నంబరు పట్టుకున్నాడు. కొత్తగా పోసిన రింగులు చలికి పగుళ్ళిస్తున్నాయన్నాడు. మేడమ్‌కి జబ్బేమిటో వెంటనే తెలిసింది. పాళ్ళు మార్చి, నాలుగు రకాలు పోసి చూస్తే తేలిపోతుంది. కానీ పోసి చూడాలంటే గది తెరవాలి. ఆమె తాళంచెవి అడిగింది, బతిమాలింది, డైరెక్టరు దాకా వెళ్ళింది. బదిలీ అయిపోయిన టెక్నాలజీతో మనకేం సంబంధమని అందరూ చేతులు దులుపుకున్నారు. ఫోర్‌మన్ మరో రెండుసార్లు ఫోన్ చేసి తిట్టాడు. తర్వాత మానేశాడు. ఆయన తిట్లు లేని ఆ రోజులు ఆమెకు ఇంట్లో మనిషి పోయినట్టే గడిచాయి.

మరుసటి ఏడాది పురస్కారం రింగుకు వచ్చింది.

నోటీసు బోర్డు మీద చూడగానే ఒక్క క్షణం ఆమె గుండె పొంగింది కూడా. ఎందుకు వచ్చిందో మరుక్షణం అర్థమై, అలా పొంగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా పోయినేడు కొన్న చీర కట్టుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని సభకు వెళ్ళింది.

సభలో కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. కూర్చున్నవాళ్ళు కదిలినప్పుడల్లా చప్పుడవుతోంది. ఫ్యాక్టరీ యజమానికి తీరిక లేక ఫోర్‌మన్‌ను పంపాడు. ఆయన ఇస్త్రీ చొక్కాలో ఊపిరాడనట్టు వేదిక మీద కూర్చున్నాడు. ఏడాదిగా ఒక్క ఫిర్యాదు కూడా రాని టెక్నాలజీ ఇదని బదిలీ బాబు గొంతు పెంచి చదివాడు. పోయినేడు దీనికి ఫిర్యాదులే లోపమని, ఆ ఒక్క లోపమూ సరిదిద్దిన ఘనత తన విభాగానిదేనన్నాడు. తర్వాత ఫోర్‌మన్ వైపు తిరిగి, రింగుతో ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగాడు.

"ఏ ఇబ్బందీ లేదండీ," అన్నాడు ఫోర్‌మన్.

సభ చప్పట్లతో మారుమోగింది. డైరెక్టరు మేడమ్ చేతిలో జ్ఞాపిక పెట్టి ఫోటోగ్రాఫరు వైపు మొహం తిప్పాడు. ఆమె మాత్రం ఫోర్‌మన్ వైపు వంగి, ఇప్పుడు వాడుతున్నారా అని మెల్లగా అడిగింది.

"ఎక్కడ మేడమ్," అన్నాడాయన తల దించుకుని. "పగిలినప్పుడు మీరు లేరుగా. పీకేసి పాతవే వేసుకున్నాం. కారుతున్నాయి."

మేడమ్ మైకు ముందుకు వెళ్ళింది. కృతజ్ఞతలు చెబుతుందనుకుని బదిలీ బాబు చిరునవ్వుతో చోటిచ్చాడు.

"నాదొక ఫిర్యాదు," అంది ఆమె. "ఈ రింగు చలికి పగులుతోంది. ఫ్యాక్టరీవాళ్ళు తీసి పారేశారు. బాగుచేయాల్సిన గదికి మీరు తాళం వేశారు. ఒక్క ఫిర్యాదున్నా పురస్కారం ఇవ్వకూడదని మీ నియమం."

జ్ఞాపికను బల్ల మీద పెట్టి, ఖాళీ చెయ్యి బదిలీ బాబు ముందు చాచింది. "తాళంచెవి ఇవ్వండి."

ఆయన ఇలాంటివి తర్వాత మాట్లాడుకుందామని గొణిగాడు. ఈలోగా ఫోర్‌మన్ లేచి, ఇస్త్రీ చొక్కా మెడ బొత్తాం విప్పుకుని మైకు అందుకున్నాడు. ఫిర్యాదులు ఇక్కడ చెప్పుకోవచ్చని తనకు ముందే చెప్పి ఉంటే బాగుండేదన్నాడు. రింగు పగులు దగ్గర మొదలుపెట్టి, అచ్చు మూత సరిగా పడకపోవడం, ఫోను ఎత్తే దిక్కు లేకపోవడం, ఇవాళ గేటు దగ్గర తనను ఎండలో నిలబెట్టడం దాకా ఏడాదిగా దాచిపెట్టుకున్నదంతా వరసపెట్టి చెప్పసాగాడు. ముందు వరసలో అత్తగారు ఒక్కతే చప్పట్లు కొట్టింది.

ఎవరైనా ఆ మనిషిని కూర్చోబెట్టండని డైరెక్టరు పళ్ళు కొరుకుతూ అన్నాడు. తన గది తెరిస్తే ఆయన కూర్చుంటాడని మేడమ్ చెప్పింది. డైరెక్టరు బదిలీ బాబు కేసి కళ్ళెర్ర చేశాడు. బదిలీ బాబు జేబులన్నీ తడుముకుని తాళంచెవి తీశాడు.

మేడమ్ అది అందుకుని మెట్లు దిగింది. జ్ఞాపిక బల్ల మీదే ఉంది. వెనక ఫోర్‌మన్ ఇంకా చెబుతూనే ఉన్నాడు.