ఖాళీ అయిన పళ్ళెం

మనవడికి మూడో నెల నిండిన రోజు కాంతమ్మ వాణ్ణి దుకాణంలోని చిన్న కాంటా మీద పడుకోబెట్టి తూచింది. ఆర్మూరు మార్కెట్ యార్డు ఎదురుగా వాళ్ళది రైతుల పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం, వెనకే ఇల్లు. నాలుగు కిలోల ఎనిమిది వందల గ్రాములు. పదిహేను రోజుల కిందట తూచినప్పుడూ అంతే.

"కాంటా ఖరాబైందేమో అమ్మా," అన్నాడు కొడుకు నారాయణదాస్.

"పొద్దుగాల సంది రైతుల సరుకు దీని మీదనే తూస్తున్నవ్. అప్పుడు ఖరాబ్ కాలేదా?"

కాంతమ్మ అనుమానం కాంటా మీద కాదు. అది తొంభై నాలుగో సంవత్సరం, యార్డులోకి కొత్త పసుపు వస్తున్న రోజులు. ఎంత పని ఉన్నా కోడలు భాగ్యవతికి తనే వండి పెట్టేది. జొన్నరొట్టె మీద నెయ్యి, ఎల్లిపాయ కారం, పప్పు. సాయంత్రం ఎండు కొబ్బరి కుడుక, బెల్లం వేసిన మెంతి లడ్డూలు. "పిల్లగానికి పాలిచ్చుకుంట తింటా అత్తమ్మా," అని భాగ్యవతి పళ్ళెం గదిలోకి తీసుకుపోయేది. కాసేపటికి ఖాళీ పళ్ళెం బయటికి వచ్చేది. అంత తినే తల్లి పాలు తాగుతూ పిల్లవాడు గంటకోసారి ఎందుకు లేచి ఏడుస్తాడు?

కాంతమ్మ కనిపెట్టడం మొదలుపెట్టింది. అంట్లు తోమే భీమవ్వ ఇంటికి పోయేటప్పుడు ఎడమ చెయ్యి ఎప్పుడూ చెంగు కిందే ఉంటోంది. మూడో రోజు వెనక గుమ్మం దగ్గర ఆపింది.

"చెంగు కింద ఏమున్నది? తియ్యి."

చిన్న స్టీలు డబ్బా. అందులో నేతి రొట్టెలు రెండు, మెంతి లడ్డూ ఒకటి.

"బాలింత నోటికాడిది ఎత్తుకపోతున్నవా? ఆరేండ్ల సంది నమ్మిన గదనే నిన్ను!"

భీమవ్వ ఏదో చెప్పబోయింది. గది కిటికీ వైపు చూసింది. కిటికీలో భాగ్యవతి నిలబడి ఉంది. ఏమీ అనలేదు. భీమవ్వ డబ్బా గట్టు మీద పెట్టి, "మల్ల రాను సావుకారమ్మా," అని వెళ్ళిపోయింది.

ఆ చూపు కాంతమ్మ కంటబడింది. దొరికిన దొంగ నేల వైపైనా చూడాలి, గుమ్మం వైపైనా చూడాలి. కిటికీ వైపు ఎందుకు చూసింది?

వారం తరవాత మళ్ళీ తూచింది. యాభై గ్రాములు తగ్గాడు. భీమవ్వ లేదు, పళ్ళెం మాత్రం అలాగే ఖాళీ అవుతోంది. భాగ్యవతి స్నానానికి వెళ్ళినప్పుడు కాంతమ్మ గదిలోకి పోయింది. పులిసిన వాసన వచ్చింది. బట్టల పెట్టె మూత ఎత్తితే, చీరల అడుగున పేపర్లో చుట్టిన రొట్టెలు, ముద్దగా మారిన పప్పు.

భాగ్యవతి తడి జుట్టుతో వచ్చి, పెట్టె చూసి, తలుపు పట్టుకుంది.

"ఎవరి కోసం దాస్తున్నవ్?" అంది కాంతమ్మ. "నా వంటల ఏమన్న కలుపుతున్ననని అనుమానమా? మీ ఇంటోళ్ళు ఏమన్న చెప్పిన్రా?"

"లేదత్తమ్మా." భాగ్యవతికి కళ్ళు తిరిగాయి. అలాగే నేల మీద కూలబడింది. "ఇరవై ఒకటో దినం తొట్టెల పండుగ వీడియో అందరం కూసోని చూసినం గద. నన్ను చూసి ఆయన, 'పసుపు బస్తాకు చీర కట్టినట్టున్నది' అన్నడు. అందరు నవ్విన్రు. మీరు గూడ. గప్పటి సంది ఆయన నా దిక్కు చూస్తే చాలు, గదే అనుకుంటున్నడనిపిస్తది. సన్నబడాలని దినానికి ఒక్క రొట్టె తింటున్న."

"మరి భీమవ్వ?"

"నేనే ఇచ్చిన. ఆమె బిడ్డ రత్నవ్వ గూడ బాలింతనే."

నవ్విన సంగతి కాంతమ్మకు బాగా గుర్తుంది.

ఆ సాయంత్రమే దవాఖానకు పోయారు. డాక్టరమ్మ పిల్లవాణ్ణి చూసి, తల్లిని చూసింది. "పాలిచ్చేటోళ్ళు మామూలు కంటే రెండు రొట్టెలు ఎక్కువనే తినాలె. నెయ్యి, బెల్లం జర తగ్గించు, పప్పు, ఆకుకూర, పెరుగు పెంచు. పొద్దున నడువు. మెల్లమెల్లగ తగ్గుతవు. కడుపు మాడ్చుకుంటే ముందుగాల తగ్గేది వీడే."

ఇంటికి వచ్చాక భాగ్యవతి, ఆ పసుపు బస్తా మాట ఎందుకన్నావని భర్తను నేరుగా అడిగింది.

"నేనట్ల అన్ననా?" అన్నాడు నారాయణదాస్. ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది, అబద్ధం కోసం వెతుకుతూ. దొరకలేదు. నిజంగానే మరిచిపోయాడు. అబద్ధమే అయితే ఇంత కోపం వచ్చేది కాదనిపించింది.

మర్నాడు, "నేను గూడ వస్త," అన్న అత్తను వద్దని, పిల్లవాణ్ణి ఎత్తుకుని భాగ్యవతి ఒక్కతే భీమవ్వ ఇంటికి పోయింది. వాకిట్లో మంచం మీద రత్నవ్వ పాపకు పాలిస్తోంది. పాప బుగ్గలు నిండుగా ఉన్నాయి.

"కిటికీల నిలబడ్డవ్," అంది భీమవ్వ. కూర్చోమనలేదు. "నేను చూసిన."

"భయపడ్డ."

"గిప్పుడు గల్లీల అందరు నన్ను దొంగదంటున్రు."

భాగ్యవతి వెనక్కి తిరిగి గల్లీ మొదట్లో ఉన్న నల్లా దగ్గరికి నడిచింది. నీళ్ళకు నిలబడ్డ ఆడవాళ్ళ ముందు, "భీమవ్వ దొంగ కాదు. రొట్టెలు నేనే ఇచ్చిన, ఇచ్చి నోరు మూసుకున్న," అంది. ఎవరో ఒకామె, "అత్త పంపిందా?" అని అడిగింది. "నేనే వచ్చిన," అంది.

తిరిగి వచ్చేసరికి భీమవ్వ గిన్నెలో మక్కజొన్న రవ్వతో వండిన గటక వేసి, పెరుగు పోసి తెచ్చింది. ఆ ఇంట్లో భాగ్యవతి ఎన్నడూ మంచినీళ్ళైనా తాగలేదు. గిన్నె అందుకుంది. భీమవ్వ కదలకుండా ఎదురుగా గొంతుక్కూర్చుని ప్రతి ముద్దనూ చూసింది.

"మింగినవా?"

"మింగిన."

"ఏదీ, నోరు తెరు."

రత్నవ్వ ముందు నవ్వింది. తరవాత భాగ్యవతి. భీమవ్వ మాత్రం నవ్వలేదు.

ఆమె మళ్ళీ ఆ ఇంటి పనికి రాలేదు. పసుపు ఉడకబెట్టే దగ్గర కూలికి కుదిరింది. నెల తిరిగేసరికి పిల్లవాడు అయిదున్నర కిలోలు దాటాడు. భాగ్యవతికి పాత జాకెట్లు సరిపోవడానికి దసరా దాకా పట్టింది. అప్పటి దాకా కాంతమ్మ కోడలికి వంటింట్లోనే వడ్డించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది.

"నమ్మకం లేదా అత్తమ్మా?"

"ఉన్నది," అనేది కాంతమ్మ, కూర్చున్న చోటి నుంచి లేవకుండా.