ఒక్క ఫిర్యాదూ రాని పేజీ

ప్లోవ్‌దివ్‌ నగరంలోని పాత పొగాకు గోదాములో ఏటా మే నెలాఖరున వెబ్‌సైట్లు కట్టేవాళ్ల సభ జరుగుతుంది. ఏటా ఒక కొత్త పద్ధతి దిగుతుంది. అది దిగగానే నిరుటి పద్ధతి ముసలిదైపోతుంది. నిరుడు దాని కోసం కొట్టుకు చచ్చినవాళ్లే ఈ ఏడు దాని పేరెత్తితే మూతి విరుస్తారు. గాలి ఎటు మళ్లుతుందో అందరికన్నా ముందు పసిగట్టే మనిషని రలిత్సాకు పేరు. ఎవరైనా ఆ మాటంటే అబ్బే అనేది గానీ, ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

ఈసారి ఆమె మాట్లాడబోయేది తేనెటీగల పేజీ గురించి. కొండ దిగువ ఊళ్లలో తేనెటీగలు పెంచేవాళ్లకు ఒక సంఘం ఉంది. పొలంలో పురుగుమందు కొట్టబోయే రైతు ముందుగా ఆ సంఘానికి కబురు పెడతాడు. సంఘం దాన్ని తన వెబ్ పేజీలో వేస్తుంది. అది చూసుకుని ఈగలవాళ్లు ముందురోజు చీకటి పడగానే పెట్టెలు మూసేస్తారు. మూయకపోతే మర్నాడు ఈగలు మందు కొట్టిన పూల మీద వాలి చస్తాయి. పదవీ విరమణ చేసిన ఒక బడిపంతులు ఎప్పుడో కట్టిన పేజీ అది. పసుప్పచ్చ రంగు మీద లావుపాటి నల్ల అక్షరాలు, పైన రెక్కలాడించే ఈగ బొమ్మ. చూస్తే నవ్వొచ్చేది, కానీ ఎక్కడైనా తెరుచుకునేది.

మార్చిలో జరిగిన హ్యాకథాన్‌లో ఆ పేజీని మళ్లీ కట్టే పని రలిత్సా జట్టుకు వచ్చింది. ఆ పోటీల తీరే అంత. శని, ఆదివారాలు నిద్ర మానుకుని ఏదో ఒకటి కట్టాలి, ఆదివారం సాయంత్రం పెద్ద తెర మీద ఆడించి చూపాలి. తెర మీద ఎవరిది మెరిస్తే బహుమతి వాళ్లది. సోమవారం నుంచి దాన్ని వాడుకునేదెవరో అడిగే దిక్కుండదు.

జట్టులో స్టామెన్ అని ఆ కొండ దిగువ నుంచే వచ్చిన కుర్రాడున్నాడు. మాట నిదానం. శనివారం భోజనాల దగ్గర, తమ ఊళ్లలో ఫోన్లు పాతవనీ, ఇది వాటిలో తెరుచుకుంటుందో లేదో ఒకసారి చూస్తే మంచిదనీ అన్నాడు.

"ఏరా, మీ తాత ఫోను కోసం నన్ను ఎడ్లబండి కట్టమంటావా?" అంది రలిత్సా.

అందరూ విరగబడి నవ్వారు. ఆ రెండు రోజులూ వాడి పేరు ఎడ్లబండే అయింది. వాడు మళ్లీ ఆ ఊసెత్తలేదు. పేజీని వాళ్లు తమ ఫోన్లలో, హాల్లో ఉన్న ఇంటర్నెట్ మీద చూసుకున్నారు. రెప్పపాటులో తెరుచుకుంది. బహుమతి వచ్చింది. పాత పేజీ తీసేసి దాని చోట దీన్ని పెట్టారు.

తర్వాత రలిత్సా పేజీలో ఒక లెక్క పెట్టింది. ఎవరు తెరుస్తున్నారు, ఏ రకం ఫోనుతో తెరుస్తున్నారు అని చెప్పే లెక్క. అందులో పాత ఫోను ఒక్కటీ కనపడలేదు. ఫిర్యాదు కూడా ఒక్కటీ రాలేదు. ఆ రెండింటినీ పట్టుకుని ఆమె ఒక ప్రసంగం అల్లింది. కొత్తదనానికి భయపడకండి, భయమంతా మన తలలోనే ఉంది అన్నది దాని సారం.

సభ రోజు పొద్దున కాఫీల దగ్గర ఆమెను వెతుక్కుంటూ నైడెన్ వచ్చాడు. సంఘంలో పెద్దమనిషి, అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. అతిథిగా పిలిచి మొదటి వరసలో కుర్చీ వేశారు. పెళ్లికి తొడుక్కునే కోటు తొడుక్కొచ్చాడు. బనిత్సా అనే జున్ను రొట్టె ముక్క చేతిలో పెడితే తినకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఖాళీ చేతులతో వచ్చానని, ఏమీ అనుకోవద్దని, ఈ ఏడు తేనె లేదని చెప్పాడు.

ఎందుకు లేదని ఆమె మాటవరసకు అడిగింది.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ఆవ పూతకొచ్చిన రోజుల్లో పేజీ తెరిస్తే ఫోనులో తెల్లగా వచ్చిందట. ఏ అక్షరమూ లేదట. తన ఫోను పని అయిపోయిందనుకున్నాడు. పక్కింటివాళ్లను అడుగుదామంటే, సంఘంలో పెద్దనై ఉండి నాకే తెలియదంటే ఏం బాగుంటుందని నామోషీ పడ్డాడు. మందు కొట్టారు. మర్నాడు చూస్తే పెట్టెల ముందు గడ్డి మీద ఈగలు కుప్పలు. మిగిలినవి గూటిలోకి పోలేక నేల మీద పాకుతున్నాయి. భార్య చీపురు పట్టుకొచ్చింది గానీ ఊడ్వలేక అక్కడే కూర్చుండిపోయిందట.

"నీకు రాద్దామనుకున్నానమ్మాయ్. ఏమని రాయను? పేజీ నువ్వు బంగారంలా కట్టిచ్చావు. ఫోను ముసలిదైతే నువ్వేం చేస్తావు? ఏది కొనుక్కోవాలో చెప్పు, కొనుక్కుంటాను."

రలిత్సా ఆ ఫోను తీసుకుంది. పేజీ తెరిచింది. తెల్లగా వచ్చింది.

ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాత పేజీ అక్షరాలను నేరుగా పంపేది. కొత్తది అక్షరాలు రాసుకునే పనిని ఫోనుకే అప్పజెప్పింది. ఈ ఫోనుకు ఆ పని రాదు, అందుకే చేతులెత్తేసింది. అంతకన్నా పెద్ద సంగతి మరుక్షణం తట్టింది. లెక్క కూడా ఫోనుకు అప్పజెప్పిన పనే. పేజీ తెరుచుకోని ఫోనులో లెక్కా నడవదు. అంటే పాత ఫోన్లవాళ్లు రాకుండా లేరు. వచ్చారు, తెల్ల తెర చూసి వెళ్లిపోయారు. వాళ్లు వచ్చినట్టు ఆమె లెక్కకు తెలియనే తెలియదు. ఆమెకు తల తీసేసినట్టయింది.

అప్పుడే మైకులో ఆమె పేరు పిలిచారు. ఫోను ఆయన చేతిలో పెట్టి, తర్వాత మాట్లాడదాం బాబాయ్ అని వెళ్లిపోయింది. మెట్లెక్కేటప్పుడు కూడా, చెప్పేద్దామనే అనుకుంది. హాలు నిండా జనం. సోఫియా, వర్నా లాంటి పెద్ద నగరాల నుంచి వచ్చినవాళ్లు. నోరు తెరిస్తే అలవాటైన ప్రసంగమే వచ్చింది. ఇది ఇంకొక్క మాట, ఆ తర్వాత చెబుతాను అనుకుంటూనే ఆ లెక్క బొమ్మ దాకా వచ్చేసింది. తెర మీద పాత ఫోన్ల దగ్గర పెద్ద సున్నా. "మన పల్లెలు మనమనుకున్నంత వెనకబడి లేవు" అంది. ఇంట్లో అద్దం ముందు సాధన చేసుకున్న మాట అది. మొదటి వరసలో నైడెన్ మొహం విప్పారింది. తన ఊళ్లను పొగుడుతున్నారనుకున్నాడు పాపం.

చివర్లో ఒకమ్మాయి లేచి, మళ్లీ మొదలుపెడితే ఏం మార్చుకుంటారని అడిగింది. చెప్పేయడానికి ఇంతకన్నా మంచి దారి ఎవరిస్తారు?

"ఆ రెక్కలాడించే ఈగను తీసేయకుండా ఉంచేదాన్ని" అంది రలిత్సా.

హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకు తెలియలేదు. ఈగలు పోగొట్టుకున్నవాడు ఎదురుగా కూర్చునుండగా ఈగ మీద హాస్యమాడింది. నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. కిందికి దిగితే స్టామెన్ ఎదురొచ్చి, బాగా మాట్లాడావక్కా అన్నాడు. వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె వాడి మొహం చూడలేకపోయింది.

నైడెన్ బయట గోడ పక్కన, ఊరి బస్సుకు ఇంకా వేళ ఉందని ఎండలో నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లేసరికి మొదటి మాట ఆయనే అందుకున్నాడు. పోయిన వారం సంఘం మీటింగులో ఇంకొందరు కూడా తెల్లగా వస్తోందని గొణిగారట. వాళ్లలో మొగుడు పోయిన ఎలెంకా కూడా ఉందట, ఆమెకున్న ఆధారమే ఆ పెట్టెలు.

"గట్టిగా చీవాట్లు పెట్టాను. ఆ పిల్ల మనకోసం నిద్ర మానుకుని కట్టిందే, మనం ఒక సరైన ఫోను పెట్టుకోలేమా, సిగ్గులేదా అన్నాను. ఎలెంకా ఏడ్చింది కూడా. అయినా నీ మీద మాట పడనివ్వలేదమ్మాయ్."

రలిత్సా గోడకు చెయ్యి ఆనించింది.

"తప్పు మీ ఫోనుది కాదు బాబాయ్. నేను కట్టిన పేజీది. పాత ఫోన్లలో తెరుచుకుంటుందో లేదో నేను చూడలేదు. చూడమని చెప్పినవాణ్ణి వెక్కిరించాను."

ఆయన మెల్లగా అడిగాడు, అయితే ఎలెంకా ఫోను కూడా మంచిదేనా అని. మంచిదే అంది. పంతులుగారి పేజీ తన దగ్గర భద్రంగానే ఉందనీ, ఈ పూటే తిరిగి పెట్టేస్తాననీ, పొద్దుతిరుగుడు పూసి మళ్లీ మందు కొట్టేలోపల ఇంటింటికీ వచ్చి తానే చెబుతాననీ గబగబా చెప్పింది. ఆయన అన్నిటికీ తలాడించాడు. బస్సు వచ్చే వైపు ఒకసారి చూసి మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"ఇది నీకు స్టేజీ ఎక్కకముందే తెలుసా?"

ఎక్కాక తట్టిందని చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు కూడా. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"తెలుసు" అంది.

ఆయన కోపగించుకోలేదు. తిట్టినా ఆమెకు కొంత తేలికయ్యేది. తన రెండు చేతులూ ఒకసారి చూసుకుని కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"మరి నేను చప్పట్లు కొట్టానే" అన్నాడు.