గాలి రంధ్రంలో ఆకుపచ్చ స్వెట్టర్

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బంగాళాదుంపల చెక్కు తీస్తూ, లొరైన్ ఎప్పుడూ అడిగే ప్రశ్నలే అడిగింది. ఆమె భర్త క్లైవ్ ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో ఇంటింటికీ తిరిగి, ఇళ్లని వెచ్చగా ఉంచే గ్యాస్ బాయిలర్లు సర్వీసు చేస్తాడు. వచ్చిన ఫోనల్లా ఎత్తేది లొరైన్. ఆయన చెప్పిన రోజుకి వెళ్లకపోతే తిట్లు తినేదీ లొరైనే. “మా ఆవిడ సరదాగా ఫోన్లు చూసుకుంటుంది” అంటాడు పబ్బులో. ఆయన సాక్సులు ఉతకడం కూడా సరదాయే కాబోలు.

“మంట నీలంగా ఉందా అమ్మా, పసుపుగా ఉందా?”

“పసుపే.”

“తలనొప్పి వస్తోందా?”

“రోజూ. బజారుకెళ్తే ఉండదు, ఇంటికొస్తే మళ్లీ మొదలు.”

“అయితే బాయిలర్ ఆపి, కిటికీలు తెరిచి, ముందు బయటికి నడవండి. గ్యాస్ ఎమర్జెన్సీకి ఫోన్ చెయ్యండి. ఆ పసుపు మంట నుంచి వచ్చేది వాసన రాని విషగాలి. మా ఆయన కోసం ఆగకండి.”

ఫోను పెట్టేసి, కత్తి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తలనొప్పి జవాబు తనదే. చలి మొదలైనప్పటి నుంచీ తల పగిలిపోతోంది. చెబితే క్లైవ్ టీవీ మీంచి చూపు తిప్పకుండా, “ఈ వయసులో ఆడవాళ్లకి మామూలే, మాత్ర వేసుకో” అన్నాడు. చెల్లెలింట్లో రెండు రోజులుండి హాయిగా తిరిగొస్తే అత్త ఎనిడ్, “పనిలేని చోట నొప్పి కూడా ఉండదు, ఎంత బుద్ధిగల రోగమో” అంది. అదే నిజమని లొరైన్ కూడా నమ్మింది. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే ఒళ్లు మండింది.

వంటింటి మూలనున్న తమ పాత బాయిలర్ లోపలికి తొంగి చూసింది. మంట పసుపుగా, బద్ధకంగా ఊగుతోంది. పైన మసి. విషగాలిని పసిగట్టి మోగాల్సిన అలారం చప్పుడు లేకుండా గోడకి వేలాడుతోంది. దాని బ్యాటరీలు టీవీ రిమోట్‌లోకి వెళ్లి చాలా కాలమైంది. ఊళ్లో వాళ్లందరికీ ఆ అలారాలు అంటగట్టేది క్లైవే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

వంటింట్లోనే కూర్చున్న ఎనిడ్ కుర్చీ వెనక, బాయిలర్‌కి గాలి అందాల్సిన గోడ రంధ్రంలో ఏదో కుక్కి ఉంది. లాగింది. శరదృతువంతా వెతుక్కున్న తన ఆకుపచ్చ స్వెట్టర్.

“కాళ్లకి చలిగాలి కొడుతోందంటే మా క్లైవే పెట్టాడు,” అంది ఎనిడ్ కునుకులోంచి. ఈ మధ్య ఆవిడకి ఎప్పుడూ కునుకే. “ముయ్యి, చలి.”

గాలి రంధ్రం మూసేవాళ్లని జైల్లో వెయ్యాలని ఆదివారం భోజనం దగ్గర ఉపన్యాసాలిచ్చే మనిషి క్లైవ్.

లొరైన్ బాయిలర్ ఆపింది. కిటికీలు తెరిచింది. “ఏం పిచ్చి పట్టింది నీకు?” అంటున్న అత్తకి కోటు తొడిగి పెరట్లోకి నడిపించింది. ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది.

వచ్చినతను మీటరు పెట్టి చూసి, బాయిలర్‌కి “ప్రమాదం, వాడరాదు” అన్న ఎర్ర చీటీ కట్టాడు. ఇద్దరూ వెంటనే ఆసుపత్రికెళ్లి రక్తపరీక్ష చేయించుకోమన్నాడు.

ట్యాక్సీ కోసం ఎదురుచూస్తుండగా క్లైవ్ వచ్చాడు. ముందు చూసింది ఎర్ర చీటీని.

“ఊళ్లో నా పరువేం కాను? నాకు చెబితే సాయంత్రం నేనే చూసేవాణ్ణిగా.”

“మీ అమ్మ లేస్తే నించోలేకపోతోంది క్లైవ్.”

“ఆ గ్యాస్ వాడు ఆఖరిసారి సర్వీసు ఎవరు చేశారని అడిగాడా? నా పేరు చెప్పావా?”

తలనొప్పి ఎలా ఉందని మాత్రం అడగలేదు. ఇలాంటి మనిషి కోపానికా ఇన్నేళ్లు భయపడిందనుకుంటే లొరైన్‌కి అసహ్యం వేసింది.

చేతిలో ఫోను మోగింది. ఎత్తమన్నట్టు క్లైవ్ గడ్డం ఎగరేశాడు. ఎత్తింది.

“మా బాయిలర్ సర్వీసు చేయించాలండీ. క్లైవ్ గారు పని బాగా చేస్తారా?”

ఇన్నేళ్లూ దీనికి ఒకటే జవాబు: ఈ ఊళ్లో ఆయన్ని మించినవాడు లేడు.

“వేరేవాళ్లని పిలుచుకోండమ్మా,” అంది లొరైన్, మొగుడి మొహంలోకి చూస్తూ. “ఈయన బాగా చేస్తాడో లేదో నాకు తెలీదు. మా ఇంట్లో ఎప్పుడూ చెయ్యలేదు.”