చెంచమ్మ మడిలో బతికున్నవెన్ని

చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని అది ఎవరి పొలందో చెప్పగలవాడు గుంటూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ కలిపి ఒక్కడే ఉన్నాడు. అది నేను. పొలం ఎవరిదో చెప్పడమే కాదు, అందులో ఎన్ని రకాల బాక్టీరియా కాపురం ఉందో కూడా చెబుతాను. చదివింది మా ఊరి బళ్లో అయిదో తరగతి. అయినా సరే.

రెబెకాతో కూడా ఇదే మాట అన్నాను. ఆ అమ్మాయి గుంటూరులో పరిశోధన చేస్తోంది. వినుకొండ చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో ఎన్ని రకాల బాక్టీరియా ఉన్నాయో తేల్చడం ఆమె పని. పురుగుమందు తగలని నేల కావాలని అడిగితే ఊళ్లో అందరూ నవ్వారట. పత్తికీ మిరపకీ మందు కొట్టకుండా వదిలిన చోటు ఇక్కడెక్కడుంటుంది? చివరికి ఎవరో నా దగ్గరికి పంపారు.

నా పొలమంతా అంకారావుకు కౌలుకిచ్చాను. వాడు వరసకు మా అన్న కొడుకు. పొలం మూలనున్న చిన్న మడి మాత్రం ఇవ్వలేదు. అది నా భార్య చెంచమ్మది. బతికున్నన్నాళ్లూ అందులో గోంగూర పెంచింది. మందు డబ్బాతో ఎవరైనా ఆ గట్టు దాటితే వాడి ఏడు తరాలనూ పేరుపేరునా పలకరించేది. ఆవిడ పోయింది, ఆ గోంగూరా ఎండిపోయింది. ఆవిడ చేత్తో వేయనిది ఏదీ ఇక అందులో మొలవకూడదనుకున్నాను. గడ్డిపరక తలెత్తితే పీకేస్తాను. మాకు పిల్లల్లేరు. సాయంత్రం పూట వెళ్లి ఆ గట్టు మీద కూర్చుని, ఊళ్లో ఎవరూ నమ్మని కబుర్లు ఆ నేలకి చెబుతాను.

అంకారావుకు ఆ మూల అడ్డం. ట్రాక్టరు తిరగదు, మిరప సాళ్లు వంకర పోతాయి. ఏటా అడుగుతాడు, వచ్చే ఏడు చూద్దాంలే అంటాను. ఈసారి రెబెకా ఎదురుగానే అనేశాడు.

"చచ్చిన నేల బాబాయ్ అది. ఏముందని దాచుకుంటావు?"

"ఏముందో ఈ పిల్ల తేలుస్తుందిరా. నీ మిరప తోటలో కంటే నా మడిలో ఎక్కువ రకాలుంటే మళ్లీ నోరెత్తకు. తక్కువుంటే దున్నుకో."

పందెం కుదిరింది. అంతటితో ఊరుకోక వాడు నా నాలుక విద్యకూ పరీక్ష పెట్టాడు. రెండు ఆకుల్లో చెరో చిటికెడు మట్టి తెచ్చాడు. కళ్లు మూసుకుని రుచి చూసి, మొదటిది చెంచమ్మ మడిది, రెండోది మిరప తోటది అని ఒట్టేసి చెప్పాను. రెండూ బర్రెలు నడిచే డొంకలోవట. నా విద్య అంతటితో సరి. పుక్కిలించమని నీళ్ల సీసా ఇస్తూ రెబెకా పగలబడి నవ్వింది. ఆ గట్టు మీద మనిషి నవ్వు విని చాలా కాలమైంది. ఇంకో గుప్పెడు తిందామా అనిపించింది.

ఆమె చేతులకు తొడుగులు వేసుకుని, చెంచాను స్పిరిటుతో తుడిచి, రెండు నేలల మట్టినీ చిన్న గొట్టాల్లోకి ఎత్తి ఐసు పెట్టెలో పెట్టింది. పూర్వం గాజు పళ్లెంలో మేత పోసి, అందులో పెరిగిన బాక్టీరియానే లెక్కపెట్టేవాళ్లట. కానీ మట్టిలో ఉండేవాటిలో చాలా భాగం పళ్లెంలో పెరగవు. వాటికి ఇరుగుపొరుగు కావాలి. విడదీసి పెడితే మేత ఎదురుగా ఉన్నా తినవు. ఈ ముక్క నాకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. అందుకని ఇప్పుడు పెంచడం మానేసి, మట్టిలోంచి డీఎన్ఏ లాగి, బాక్టీరియా అన్నిటికీ ఉండే ఒక జన్యువును చదువుతారట. దాని రాత రకానికో తీరుగా ఉంటుందట. ఇంటిపేర్లు చదివి ఊళ్లో ఎన్ని వంశాలో చెప్పడమన్నమాట అన్నాను. ఇంచుమించు అంతేనంది.

కొన్ని వారాలకు మళ్లీ వచ్చి ఫలితం చెప్పింది. నా మడిలోనే ఎక్కువ రకాలు. ఇంకేముంది, నా మడికి విడిగా పంచాయతీ ఇవ్వాలనీ, గట్టు దగ్గర ఎక్స్‌ప్రెస్ బస్సు ఆపాలనీ అంకారావుకు అక్కడికక్కడే చెప్పాను. రెబెకా మాత్రం ఇంకా ఏదో చెప్పాలన్నట్టు నిలబడింది.

"తాతగారూ, ఈ లెక్కలో చచ్చిపోయినవి కూడా ఉంటాయండి."

బాక్టీరియా చచ్చినా దాని డీఎన్ఏ బంకమట్టిని పట్టుకుని చాలాకాలం ఉంటుందట. చదివేటప్పుడు ఏది బతికున్నదానిదో, ఏది పోయినదానిదో తెలియదట.

"ఉండనీ అమ్మా. పోయినంత మాత్రాన లెక్కలోంచి తీసేయాలా?"

అంకారావు మెల్లిగా అన్నాడు. "పందెం బతికున్నవాటి మీద కదా బాబాయ్."

వాడన్నది న్యాయమే. దానికీ ఒక పరీక్ష ఉందట. ఒక రంగు కలిపి వెలుతురులో పెడతారు. చచ్చిన కణాల పొర చిరిగి ఉంటుంది గనక రంగు లోపలికి పోయి డీఎన్ఏని పట్టేస్తుంది, ఇక అది చదవడానికి దొరకదు. బతికున్నవి రంగును రానివ్వవు. వద్దమ్మా అనే మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆమె మళ్లీ మట్టి తీసుకుని వెళ్లింది. ఆ రోజుల్లో మడిని ఇంకా శుభ్రంగా ఉంచాను. పిలక కనబడితే వేరుతో సహా పీకాను.

రెబెకా ఫోను చేసింది. పోయినవాటిని తీసేస్తే అంకారావు మిరప తోటలోనే ఎక్కువ రకాలట. అంత మందు తాగిన నేలలో ఎలాగమ్మా అన్నాను. చెప్పడానికి కాస్త వెనకాడింది.

"వేళ్ల నుంచి ఊరేదే వాటికి తిండి తాతగారూ. మిరపకి వేళ్లున్నాయి. మీ మడిలో ఏళ్ల తరబడి వేరన్నదే లేదు. పోనీ, కలుపైనా ఉండనిచ్చి ఉంటే బాగుండేదండి."

ఒక్కో పరకా పీకి, ఆవిడ మడిని పస్తు పెట్టింది నేనే.

అంకారావుకు నేనే చెప్పాను, గెలిచావు, దున్నుకోరా అని. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు తెచ్చాడు. గట్టు దాకా వచ్చి ఆపాడు. దిగి వచ్చి, "ఈ మూల వదిలేస్తాలే బాబాయ్. పిన్ని గోంగూర నేనూ తిన్నాను. నువ్వే ఏదో ఒకటి చల్లు" అని వెనక్కి తిప్పుకున్నాడు.

ఇదంతా జరిగిందే, ఈ చివరి ముక్క తప్ప. ట్రాక్టరు ఆగలేదు. గట్టు ఎక్కి దిగి నేరుగా పోయింది. వాణ్ణి అనడానికేం లేదు, దున్నుకోమన్నది నేనే. ఒకవేళ ఆగితే వాడు ఏమంటాడా అని పక్కన నిలబడి అనుకున్న మాటలే వాడి నోట పెట్టాను.