మొదటి ఇరవై చేతులు

"ఇది కూడా మధ్యలో వదిలేస్తే పిల్ల మనసు విరిగిపోతుందండీ," అంది తల్లి. అప్పటికి కూతురు కొత్త కాగితాల కట్ట విప్పనైనా లేదు.

బస్సు డ్రైవరైన తండ్రి బూట్లు విప్పుకుంటూ, "ముందు ఒక గీత గియ్యనీవే. వదిలెయ్యడం సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. మందుల షాపులో పనిచేసే కూతురు కుట్టుపని మూడు వారాలు, ఈత రెండు వారాలు నేర్చుకుని, "నావల్ల కాదులే" అని చేతులెత్తేసింది. ప్రతిసారీ నాలుగు రోజులు ముభావంగా తిరిగింది. ఈసారి బొమ్మలు గియ్యడంలో చేరింది. నేర్పే మాస్టారు షరతు పెట్టాడు: రోజూ పది నిమిషాలు ఒకే వస్తువు గియ్యాలి. రబ్బరు ముట్టకూడదు. కింద తేదీ వేసి ఫైల్లో పెట్టాలి. అరవై రోజులు నిండేదాకా వెనక్కి తిరగెయ్యకూడదు.

కూతురు తల్లి ఎడమ చేతిని ఎంచుకుంది. రోజంతా ఇస్త్రీ షాపులో బట్టలు మడిచిన ఆ చెయ్యి, సాయంత్రం వంటగది బల్లమీద కదలకుండా ఉండేది. మొదటి బొమ్మ చూసి తండ్రి, "వంకాయకి వేళ్లు మొలిచాయి," అన్నాడు. కూతురు పకపకా నవ్వింది. తల్లికి మాత్రం నవ్వు రాలేదు. అరవయ్యో రోజున ఫైలు విప్పితే ముందుగా కళ్లబడేవి ఇవే, పిల్ల గుండె జారిపోదూ? మూడు వారాలు నిండేసరికి, ఎవరికీ చెప్పకుండా మొదటి ఇరవై కాగితాలూ తీసి అలమరలో డబ్బాల కింద బోర్లా పరిచేసింది.

కూతురు మానలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా దిండుకానుకుని గీసింది. "మా అమ్మాయి ఒక్క పూట తప్పలేదు," అని తల్లి ఇస్త్రీ షాపులో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది.

అరవయ్యో రోజు బొమ్మ ముగించి, కూతురు ఫైలు తిరగేసింది.

"అన్నీ ఒకేలా ఉన్నాయమ్మా. మొదటివి చూద్దామంటే అవీ లేవు, ఎక్కడో పారేసుకున్నాను. ఇంక చాల్లే."

తల్లి అలమర వైపు చూసింది. చెబితే కోప్పడుతుంది, చెప్పకపోతే మానేస్తుంది. లేచి పప్పుల డబ్బాలు ఒక్కొక్కటే దించింది. కాగితాలనిండా నూనె మరకలు, డబ్బాల గుండ్రటి అచ్చులు.

"నేనే తీశానే. చూసి దిగులు పడతావని."

"ఎంత దూరం వచ్చానో తెలియడానికే కదమ్మా అవి ఉంచింది?"

కూతురు మొదటి కాగితాన్నీ అరవయ్యో రోజుదాన్నీ పక్కపక్కన పెట్టింది. మొదటిదాంట్లో బొటనవేలు అవతలి వైపు మొలిచింది. కొత్తదాంట్లో ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది, కణుపు దగ్గర ఉబ్బిన ఉంగరపువేలు ఉంది, చిట్టివేలి వంకర గోరు కూడా ఉంది.

"ఇది నా చెయ్యే," అంది తల్లి. గర్వం దాచుకోవడం ఆమెకు చేతకాలేదు. "ఎవరు చూసినా చెప్పేస్తారు."

"కంచం అందిస్తే కడిగిపెట్టేలా ఉంది," అన్నాడు తండ్రి.

"మానేస్తావా మరి?" తల్లి మెల్లగా అడిగింది.

కూతురు అరవై కాగితాలూ నేలమీద వరసగా పరుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చి, ఒక్కొక్కదాని దగ్గరా ఆగుతూ నడిచింది. పొయ్యిమీద కూర అడుగంటుతున్నా తల్లి కదల్లేదు.

"రేపటి నుంచి కుడి చెయ్యి పెట్టమ్మా," అంది కూతురు చివరికి. "ఎంత పాడుగా వచ్చినా ఫైల్లోనే ఉండనీ."