మూడో దెబ్బ

కిటికీ ఊచల్ని లాఠీతో ఒక్కొక్కటే కొట్టుకుంటూ రెండో బ్యారక్ చివరిదాకా వచ్చాడు బాబాయ్. ఊచ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. రాత్రికి రాత్రి ఎవడైనా రంపం పెట్టి ఉంటే బొంగురుగా పలుకుతుంది. ముప్ఫై ఏళ్ళుగా పొద్దున్నే ఇదే పని. కళ్ళు మూసుకుని నడిచినా తేడా పట్టేయగలడు.

జైల్లో ఖైదీలూ వార్డర్లూ అందరికీ అతను బాబాయే. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. పొట్టి మనిషి, బట్టతల, బెల్టు మీదికి జారిన బొజ్జ, సరిగ్గా వంగని ఎడమ మోకాలు. పదోన్నతి రాలేదు, శిక్షా పడలేదు. గొడవ జరిగినప్పుడు అతను మొదటి దెబ్బ ఎప్పుడూ కొట్టడు. ఇద్దరు కొట్టాక మూడోవాడుగా వచ్చి చెయ్యి కలుపుతాడు. విచారణ జరిగితే కాగితం మీదికెక్కేది మొదట కొట్టినవాడే. ఆ రకంగా నెట్టుకొచ్చి, నెట్టుకొచ్చి, తను ఎవర్నీ కొట్టే మనిషి కాదన్న నమ్మకం కుదిరిపోయింది అతనికి. భార్యకీ అదే చెప్పాడు. ఆవిడా నమ్మింది.

ఆవిడ విసుక్కునేది ఒక్క గురువారాలకే. ఆ రోజు డ్యూటీ దిగాక నలుగురు విశ్రాంతి గదిలో చేరి ఆట ఆడతారు. గళ్ళ కాగితం మీద గుహలూ కోటలూ గీస్తారు. ఒక్కొక్కరు ఒక్కో యోధుడు. జైలు కాంపౌండరు కథ నడుపుతాడు, ఎదురొచ్చే రాక్షసులందరూ ఆయనే. ఇరవై ముఖాల పాచిక దొర్లించి, పెద్ద అంకె పడితే ఎదుటివాడి తల తెగినట్టు. బాబాయ్ యోధుడి పేరు గండ్రగొడ్డలి. పదకొండేళ్ళలో వాడు నరికినవాళ్ళకి లెక్కే లేదు. పోయిన గురువారం ఒక్క వంతెన మీదే నలభైమంది మరుగుజ్జుల్ని నరికి నదిలోకి తోశాడు. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాడు.

"మనవణ్ణి ఆడించాల్సిన వయసులో రాక్షసులతో కుస్తీలేంటండీ," అంటుంది భార్య.

ఈ గురువారం చిక్కొచ్చిపడింది. కాంపౌండరు ఆట తీరే మార్చేద్దామంటున్నాడు. పొద్దున్న గేటు దగ్గర ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పాడు.

"అదే ఆట, అదే పాచిక. కాకపోతే కొట్టేముందు ఎక్కడ కొడుతున్నావో చెప్పాలి. కొట్టాక వాడేమన్నాడో నువ్వే చెప్పాలి. తగిలిన గాయం మర్నాటికి మాయమవదు. నీదైనా సరే, వాడిదైనా సరే."

"పొద్దున్నంతా నువ్వు కుట్లేసేది చాలక, మధ్యాహ్నం మాచేత కూడా వేయిస్తావా?" అన్నాడు గేటు గుమాస్తా. అతనికి ససేమిరా ఇష్టం లేదు. వ్యాను డ్రైవరుకి మాత్రం పాత ఆట మొహం మొత్తింది, సై అన్నాడు. మిగిలింది బాబాయ్ మాట.

"మధ్యాహ్నం చెప్తాలే," అని తప్పించుకున్నాడు. ఇక్కడా అందరూ తేల్చాక చెప్పే మనిషే.

ఎనిమిదిన్నరకి వంటశాల ముందు రొట్టెల వరసలో గొడవ లేచింది. ఎవడో చెంచా పిడిని గోడకేసి నూరి మొన తేల్చాడు. అది ఒకడి చెంపలో దిగి పళ్ళదాకా వెళ్ళింది. వాడు అరుస్తూనే పొడిచినవాడి వేలు కొరికి పట్టుకున్నాడు. బుట్ట తిరగబడింది. రొట్టెల్ని తొక్కుకుంటూ ఇరవైమంది ఒకరి మీద ఒకరు పడ్డారు. ఈల మోగింది. వార్డర్లు లాఠీలతో దూకారు. ఎముక మీద కర్ర పడ్డ చప్పుడు, ఎవడో వాంతి చేసుకున్న వాసన, చొక్కా పట్టుకుని ఈడ్చితే నేల మీద ఎర్రగా సాగిన చార.

కుట్టుపని విభాగంలో దర్జీ ఒకడున్నాడు. అరవై దాటిన ఖైదీ. పడిపోయినవాణ్ణి పక్కకి లాగబోయాడు. గొడవలో ఉన్నాడనుకుని ఇద్దరు వార్డర్లు అతని భుజాల మీద చెరో దెబ్బ వేశారు. దర్జీ గోడకి చేరగిలబడి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూలబడ్డాడు. అప్పుడొచ్చాడు బాబాయ్.

దర్జీ తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. "బాబాయ్, నేను కాదు," అన్నాడు.

లాఠీ అప్పటికే పైకి లేచి ఉంది. దించాడు. చేతివేళ్ళ పక్కనుంచి జారి ఎడమ చెవి పైన తగిలింది. ఆ చప్పుడు బొంగురుగా వచ్చింది. బాబాయ్ ఒక్క క్షణం ఆగిపోయాడు. తర్వాత పక్కవాడి వైపు తిరిగాడు.

పావుగంటలో అంతా సద్దుమణిగింది. దర్జీ తన కాళ్ళమీదే ఆస్పత్రి గదికి నడిచాడు. కుట్లు వేసేటప్పుడు కదలకుండా తల పట్టుకోమని కాంపౌండరు పిలిచింది బాబాయ్‌నే. తెల్లటి వెంట్రుకలు అరచేతికి అంటుకున్నాయి.

"టాకాలు మరీ దూరం దూరంగా వేస్తున్నారండీ," అన్నాడు దర్జీ పళ్ళు బిగబట్టి. "నా దగ్గర పనిచేసేవాళ్ళయితే విప్పించి మళ్ళీ కుట్టించేవాణ్ణి."

కాంపౌండరు నవ్వాడు. బాబాయ్ నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు. దర్జీని మూడో మంచం మీద పడుకోబెట్టారు. "నిద్రొస్తోంది," అన్నాడు దర్జీ. పడుకోనిచ్చారు.

రెండున్నరకి విశ్రాంతి గదిలో నలుగురూ చేరారు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. డ్రైవరు గళ్ళ కాగితం పరిచాడు.

"ఏమంటావు బాబాయ్?" అడిగాడు కాంపౌండరు. "పాతదా, కొత్తదా?"

పాతదే అందామనుకుంటూ వచ్చాడు దారంతా. నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది. "ఒక్కసారి ఆడి చూద్దాం."

గుమాస్తా ఉసూరుమన్నాడు. కాంపౌండరు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "గుహ ముందు కాపలావాడు నిద్రపోతున్నాడు. మీ అడుగుల చప్పుడుకి లేచాడు. కత్తి దూరంగా ఉంది. చేతులు తల మీద పెట్టుకున్నాడు. గండ్రగొడ్డలి ఏం చేస్తాడు?"

"మిగతా ఇద్దరూ ముందు కొట్టనీ."

"వాళ్ళు వెనకున్నారు. ఎదురుగా ఉన్నది నువ్వే."

బాబాయ్ పాచిక తీసుకున్నాడు. "కొడతాడు."

"ఎక్కడ?"

"ఎడమ చెవి పైన."

పాచిక దొర్లింది. పద్దెనిమిది పడింది. "తగిలింది," అన్నాడు కాంపౌండరు. "వాడేమన్నాడు?"

బాబాయ్ బొటనవేలితో బల్ల అంచుని గీరాడు.

"బాబాయ్, నేను కాదు అన్నాడు."

గుమాస్తా పగలబడి నవ్వాడు. "రాక్షసుల గుహలో కూడా బాబాయేనా నువ్వు?" కాంపౌండరు మాత్రం నవ్వలేదు. పెన్సిలు కింద పెట్టి అతని మొహంలోకి చూస్తున్నాడు.

అప్పుడే ఆస్పత్రి ఆయా తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. "అయ్యా, మూడో మంచం ఆయన ఎంత పిలిచినా లేవట్లేదు. ఒళ్ళు చల్లగా ఉంది."

కాంపౌండరు పరుగెత్తాడు. పరుగెత్తి లాభం లేకపోయింది. దర్జీ గోడవైపు తిరిగి, నిద్రలో ఉన్నట్టే ఉన్నాడు.

మూడున్నరకల్లా సూపరింటెండెంటు గదిలో కాగితం సిద్ధమైంది. బండల మీద కాలు జారి పడ్డాడని రాశారు. మిగతా ఇద్దరు వార్డర్లూ అప్పటికే సంతకం పెట్టేశారు. ఎప్పటిలాగే మూడో గీత బాబాయ్‌ది.

"తొందరగా కానియ్," అన్నాడు సూపరింటెండెంటు.

బాబాయ్ పెన్ను అందుకోలేదు. "ఆ ఇద్దరూ భుజాల మీద కొట్టారు సార్. తల మీద కొట్టింది నేను."

"నువ్వా? నీకేం తెలుసు ఎవరిది తగిలిందో?"

"చప్పుడు విన్నాను సార్. చేతులు తల మీదే ఉన్నాయి. నేను కాదు అన్నాడు. విన్నాకే కొట్టాను. అలాగే రాయించండి."

తలుపు దగ్గరున్న గుమాస్తా గొంతు తగ్గించి అన్నాడు, "ఆరేళ్ళ సర్వీసుంది బాబాయ్. పిన్నిని తలుచుకో."

"తలుచుకున్నాను," అన్నాడు బాబాయ్.

బెల్టు విప్పాడు. తాళాల గుత్తినీ లాఠీనీ బల్ల మీద పెట్టాడు. పోలీసులు వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చోమన్నారు, కూర్చున్నాడు. మోకాలు నొప్పి పుడితే చేత్తో రాసుకున్నాడు. ఇంటికి ఎవరు కబురు చేస్తారని అడిగాడు. నేను వెళ్ళి చెప్తానన్నాడు డ్రైవరు. సాయంత్రం అయిదు గంటలకి పోలీసు వ్యాను వచ్చింది. బాబాయ్ వెనకవైపు మెట్టు మీద కాలు పెట్టి, మోకాలు వంగక రెండోసారి ప్రయత్నించి ఎక్కాడు.

ఆస్పత్రి గదిలో ఆయా మూడో మంచం దుప్పటి తీసి దులిపింది. ఏదో నేల మీద పడి దొర్లింది. కుట్టేటప్పుడు దర్జీ వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు. ఆవిడ దాన్ని తుడిచి కిటికీ గట్టు మీద బోర్లించింది. పైనంతా సూదిపోట్ల గుంటలు, అంచు మాత్రం వేలి రాపిడికి అరిగి పల్చబడి ఉంది.